ఎర్రముక్కు పంతులుగారూ, సూట్‌కేసు ట్యూబూ

మౌంట్ రాస్కిల్‌లో నేను పనిచేసిన మందుల షాపు పక్కన ఒక డెయిరీ ఉండేది. డెయిరీ అంటే పాలకేంద్రం కాదు, మేం వలసొచ్చిన ఈ దేశంలో వీధిమలుపు చిల్లరకొట్టుకి ఆ పేరు. అక్కడ పాలూ బ్రెడ్డూ కొన్నవాళ్ళు మా షాపులోకి వచ్చి కబుర్లు దించుకుని వెళ్ళేవాళ్ళు. ఫార్మసిస్టుగా నా కౌంటర్ మీద మందులెన్ని చేతులు మారాయో, కబుర్లూ అన్ని మారాయి.

ఇప్పుడు రిటైరై, న్యూ లిన్‌లో రైలు స్టేషన్ ఎదుటి అపార్ట్‌మెంట్‌లో కూచుని ఇది రాస్తున్నాను. ఫార్మసీ చదివి కొత్తగా కౌంటర్ వెనక్కి వస్తున్న మన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "ఆంటీ, ఈ జాబ్ అసలు ఎలా ఉంటుంది?" అని అడుగుతారు. మందు పేరు, మోతాదు, దేనికి ఏది పడదు, ఇవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. నా కాలంలో అన్నీ బుర్రలో పెట్టుకోవాల్సి వచ్చేది, మీకు కంప్యూటర్ చెప్తుంది. అది చెప్పనిది ఒకటుంది. ఎదురుగా నిలబడ్డ మనిషి మీకు సగమే చెప్తాడు. మిగతా సగం రాబట్టడమే ఉద్యోగం.

నా సర్వీసులో నాకు బాగా గర్వంగా ఉన్న కేసు ఒక ముక్కుది. ఆ ముక్కుగల పెద్దమనిషే "రాయండమ్మా, పదిమందికి పనికొస్తుంది" అన్నారు కాబట్టి రాస్తున్నాను. పేర్లు మార్చాను. ముక్కు మార్చలేదు.

బ్రూస్ నేర్పింది, బ్రూస్‌కి తెలియంది

మా షాపు యజమాని బ్రూస్ పొడుగాటి తెల్లాయన. నవ్వడం తక్కువ, టీ తాగడం ఎక్కువ. నేను చేరిన కొత్తలో ఆయన నాకు రెండే పాఠాలు చెప్పాడు. మొదటిది, చర్మం గురించి ఎవరైనా అడిగితే కౌంటర్ వెనక నుంచి మాట్లాడకు, చుట్టూ తిరిగి వెళ్ళి పక్కన నిలబడు. రెండోది, "ఇంకేం రాస్తున్నారు?" అని మూడుసార్లు అడుగు. మొదటిసారి "ఏం లేదు" అంటారు. రెండోసారి "ఏదో మాయిశ్చరైజర్" అంటారు. మూడోసారికి నిజం బయటికొస్తుంది.

ఇది బంగారంలాంటి మాట. మనవాళ్ళ విషయంలో మాత్రం నేను ఇంకోసారి కలిపాను. మనకి మొహమాటం ఒక పొర ఎక్కువ కదా, నాలుగోసారి అడిగితేగానీ బీరువా తలుపు తెరుచుకోదు.

అంతటి బ్రూస్‌కి ఒక మొండి నమ్మకం ఉండేది. రోజేషియా అనే జబ్బు తెల్లవాళ్ళకే వస్తుందని. బుగ్గలూ ముక్కూ ఉండుండి వేడెక్కి ఎర్రబడటం, మంట, కొన్నాళ్ళకి ఆ ఎరుపు పోకుండా తిష్ఠ వేసుకోవడం, పైన మొటిమల్లాంటి పొక్కులు లేవడం, ఇవీ దాని లక్షణాలు. కొందరికి కళ్ళు గరగరలాడతాయి, కొందరికి ముక్కు దళసరెక్కుతుంది. అంటువ్యాధి కాదు. పూర్తిగా వదిలిపోదుగానీ చక్కగా అదుపులో ఉంటుంది. ఎండ, సెగ, కారం, పొగలు కక్కే కాఫీ, మద్యం, ఆందోళన, వీటిలో ఏదైనా దాన్ని రెచ్చగొడుతుంది.

"మీవాళ్ళకి రాదు. నేను ఒక్కరిలోనూ చూడలేదు," అనేవాడు బ్రూస్.

"మీరు చూసింది పుస్తకంలో బొమ్మలు. ఆ బొమ్మలన్నీ మీవాళ్ళవే," అనేదాన్ని నేను. చామనఛాయ మీద ఎరుపు ఎరుపులా కనపడదు. రాగిచెంబు రంగులోనో, గోధుమరంగు మచ్చలానో కనపడి మొటిమలనో మంగు అనో పేరు పెట్టించుకుంటుంది. అందుకని కంటితో కాదు, చేతి వెనకవైపుతో చూడాలి. బుగ్గ వెచ్చగా ఉందా, మండుతోందా అని అడగాలి. ఈ వాదన మా ఇద్దరిమధ్యా టీ కప్పుల మీద ఏళ్ళతరబడి సాగింది. పంతులుగారు వచ్చేదాకా తేలలేదు.

గరాజులో హోమం

అవధానిగారిది కోనసీమ. వారమంతా కొరియర్ వ్యాన్ నడుపుతారు, శని ఆదివారాలు పౌరోహిత్యం. ఆయన నోట మంత్రం వింటుంటే ఎక్కడున్నామో మర్చిపోతాం, అంత స్పష్టం. ఊరి దక్షిణాన టకానిని పేటలో కొత్త ఇళ్ళు మొలిచినప్పటి నుంచీ ఆయనకి గృహప్రవేశాలు ఊపిరాడనివ్వలేదు. మొదటి ఇల్లు కొనుక్కున్న మన పిల్లలందరికీ ఆయనే కావాలి.

అయితే ఇక్కడి కొత్త ఇళ్ళలో హోమం అంటే మాటలు కాదు. గదిగదికీ పొగ పసిగట్టే అలారం ఉంటుంది. ఒకసారి హాల్లో సమిధలు వెలిగించగానే అవన్నీ కలిసి కూసి, పుణ్యాహవాచనం ఎవరికీ వినపడలేదు. అప్పటినుంచి హోమాలు గరాజులోకి మారాయి. గాలికి నిప్పు ఆరిపోతుందని, పొగ చూసి పక్కింటివాళ్ళు ఫైరింజన్ పిలుస్తారని, గరాజు తలుపు కిందిదాకా దించేసేవాళ్ళు. చుట్టూ నిలబడ్డవాళ్ళు అప్పుడప్పుడు లోపలికెళ్ళి చల్లగా ఏదో తాగి వస్తారు. అవధానిగారు మాత్రం కదలకుండా ఆ సెగ ముందు కూచోవాలి. మిగతా అయిదురోజులూ వ్యాన్ అద్దంలోంచి ఇక్కడి ఎండ సూటిగా ఆయన మొహానికే. ఈ దేశంలో ఎండ చల్లగా కనపడుతూనే కాలుస్తుంది, కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ సంగతి తెలియదు.

పచ్చటి మనిషి కావడంతో ఆయనకి ముక్కు మీద ఎరుపు కొంచెం కనపడేది కూడా. అదే ఆయన కొంప ముంచింది.

మా పేటలో శేషగిరిగారని ఒక పెద్దాయన. శ్రీరామనవమి కల్యాణం కమిటీకి పెద్ద. మంచీ చెడ్డా రెండూ ముందు ఆయన నోటే పడాలి. ఒక గృహప్రవేశంలో ఫలహారాల దగ్గర నిలబడి, "మన పంతులికి సాయంత్రాలు అలవాటున్నట్టుంది. ఆ ముక్కు చూశారా?" అన్నారు. అంతే. ఇడ్లీలు చల్లారేలోగా ఆ మాట టకానిని దాటింది. మర్నాటికి నా కౌంటర్ మీదికి వచ్చింది. "విన్నారా ఆంటీ, అవధానిగారు తాగుతారట."

ఆయన జన్మలో ఉల్లిపాయ కూడా తిన్న మనిషి కాదు.

నాలుగోసారి అడిగితే

ఒక మధ్యాహ్నం అవధానిగారే షాపుకి వచ్చారు. టోపీ కళ్ళమీదికి దించుకుని ఉన్నారు. వెనక ఆయన భార్య లలిత.

"మొటిమలకి ఏదైనా క్రీము ఉంటే ఇవ్వండమ్మా. గట్టిది."

నేను చుట్టూ తిరిగి వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను. "మంటగా ఉంటుందా పంతులుగారూ?"

"మంటా? హోమగుండం నా మొహంమీదే వెలిగించినట్టుంటుంది."

"ఇంకేం రాస్తున్నారు?"

"ఏమీ లేదమ్మా."

"పోనీ, ఇంట్లో ఏదైనా?"

"మా ఆవిడ పసుపూ చందనం వేస్తుంది. అంతే."

మూడోసారి లలితని అడిగాను. సున్నిపిండితో రుద్దడం, నిమ్మరసం, పొద్దున్నే పసుపు నీళ్ళ ఆవిరి, ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. మండుతున్న మొహానికి ఆవిరి పట్టడమంటే కాలిన చేతిని పొయ్యిమీద పెట్టడమే. ఆ పిల్ల తప్పేమీ లేదు. వాళ్ళమ్మ చెప్పిందే చేసింది, వాళ్ళమ్మకి తెలిసింది మొటిమలు.

నాలుగోసారి అడిగాను. లలిత మొగుడి మొహం చూసి, సంచిలోంచి ఒక చిన్న ట్యూబు తీసింది. చివరిదాకా నొక్కి నొక్కి మడతపెట్టిన ట్యూబు.

"ఇది రాస్తే మాత్రం చల్లగా ఉంటుంది ఆంటీ. రెండ్రోజులు మానేస్తే మళ్ళీ మొదలు. శేషగిరి అంకుల్ వాళ్ళ భారతి ఆంటీ ఇచ్చారు. ఇండియా నుంచి తెచ్చారట."

నాకు ఆ ట్యూబు కొత్తకాదు. పిల్లలూ, ఇది జాగ్రత్తగా వినండి. మనవాళ్ళ సూట్‌కేసుల్లో పచ్చళ్ళూ పొడులతో పాటు ఈ ట్యూబులు వస్తాయి. ఎయిర్‌పోర్టులో తనిఖీ కుక్క వచ్చి మామిడి ఒరుగు పట్టుకుంటుంది, ట్యూబుని వదిలేస్తుంది. మొహం తెల్లబడుతుందని, మచ్చలు పోతాయని, పెళ్ళికి ముందు ఒకటి, పేరంటానికి ఒకటి పంచుకుంటారు. అందులో ఉన్నది ఘాటైన స్టెరాయిడ్, తోడుగా రంగు తేల్చే మందు. డాక్టర్ చేతిలో, వేరే జబ్బుకి, కొద్దికాలానికి అది మంచి మందే. నెలలతరబడి మొహానికి పూస్తే చర్మం పలచబడిపోయి దానికి బానిసవుతుంది. రాస్తే చల్లన, మానితే మంట. ఉన్న రోజేషియాని అది పదింతలు చేస్తుంది, లేనివాళ్ళకి తెచ్చిపెడుతుంది.

అంటే ఏమైందో చూశారా? మాట పుట్టిన ఇంటినుంచే మందూ వచ్చింది. భారతిగారు మంచిమనసుతో ఇచ్చిన ట్యూబు ఆయన ముక్కుని ఎర్రచేస్తే, ఆ ఎరుపు చూసి ఆమె భర్త తాగుబోతన్నారు.

నేను బ్రూస్‌ని పిలిచాను. ఆయన అనుమతి అడిగి, తన చేతి వెనకవైపు పంతులుగారి బుగ్గకి ఆనించాడు. కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత నావైపు తిరిగి, "సరే, నువ్వు చెప్పిందే రైటు," అన్నాడు. బ్రూస్ నోట ఆ మాట రావడం నేను వినడం అదే మొదలు. ఆ సాయంత్రం నా టీ ఆయనే పెట్టాడు. పాలు ఎక్కువయ్యాయి, అయినా తాగాను.

మింగని మందు

అదే రోజు క్లినిక్‌కి ఫోన్ చేసి డాక్టర్‌తో మాట్లాడాను. కుర్ర డాక్టర్, మొదట మొటిమలనే అన్నాడు. చెయ్యి ఆనించి చూడమన్నాను, ట్యూబు సంగతి చెప్పాను. మర్యాదగా విన్నాడు, పంతులుగారిని చూశాక ఒప్పుకున్నాడు. ట్యూబు పూర్తిగా ఆపాలి. రోజేషియాకి పూత మందు. కొన్ని వారాలు వాపు తగ్గించడానికి యాంటీబయాటిక్ క్యాప్సూల్స్. రోజూ సన్‌స్క్రీన్. ఒక మాట ఆయనా చెప్పాడు, నేనూ చెప్పాను. స్టెరాయిడ్ ఆపగానే ముందు ఇంకా ముదురుతుంది, కంగారుపడి మళ్ళీ ట్యూబు పట్టుకోకూడదు.

చెప్పడం తేలికే. భరించాల్సింది ఆయన. రెండో వారానికి అవధానిగారి మొహం ఉబ్బి, పొక్కులతో నిండిపోయింది. శ్రీరామనవమి దగ్గరపడుతోంది. హామిల్టన్ నుంచి వేరే పంతులుని పిలిపిద్దామని కమిటీలో మాట మొదలైందని కబురు వచ్చింది. ఆయన షాపులో కుర్చీలో కూచుని, నేల చూస్తూ అన్నమాట నాకిప్పటికీ చెవుల్లో ఉంది.

"పని పోతే పోనీయండమ్మా, వ్యాన్ ఉంది. కానీ తాగుబోతని తీసేశారన్న మాట మిగిలిపోతుంది కదా. మా అమ్మాయిని స్కూల్లో ఎవరో అడిగారట, మీ నాన్న డ్రింక్ చేస్తారా అని. అది ఇంటికొచ్చి నన్ను అడిగింది. నా కూతురు నన్ను అడిగింది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలుసు, కానీ ఏం చేయను? ఫార్మసిస్టు నోరు కట్టేసిన మనిషి. షాపుకి ఎవరొచ్చారు, ఎందుకొచ్చారు, ఏ మందు తీసుకున్నారు, ఒక్క ముక్క బయటికి పొక్కకూడదు. పొరుగువాళ్ళకే కాదు, ఇంట్లోవాళ్ళకి కూడా.

ఆ వారంలోనే శేషగిరిగారు తన మందులకోసం వచ్చారు. కౌంటర్ మీదికి వంగి, గొంతు తగ్గించి, "పంతులు మీ షాపుకి తెగ వస్తున్నాడటగా? ఏంటమ్మా సంగతి, లివర్ మందులా?" అన్నారు.

"అంకుల్, మొన్న మీరు ఏం వాడుతున్నారని కూడా ఒకాయన అడిగాడు. చెప్పమంటారా?" అన్నాను.

ఎవరూ అడగలేదు, ఊరికే అన్నాను. ఆయన తన మందుల సంచి గుండెలకి హత్తుకుని వెళ్ళిపోయారు. పిల్లలూ, ఈ జవాబు మీరు ఫ్రీగా వాడుకోండి.

కానీ ఒక సంగతి నాకు కొరుకుడు పడలేదు. ట్యూబు ఆపిన మంట ఇన్నాళ్ళు ఇంత గట్టిగా ఉండకూడదు. మందు తన పని తను చేయాలి కదా. మళ్ళీ బ్రూస్ పాఠమే. ఈసారి "ఏం రాస్తున్నారు" కాదు, "ఏం మింగుతున్నారు" అని లలితని అడిగాను, ఒకటి, రెండు, మూడు. నాలుగోసారికి ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది.

"క్యాప్సూల్ డబ్బా దేవుడి అల్మారా వెనక పెట్టేశారు ఆంటీ. పైన తొడుగు జంతువుల నుంచి చేస్తారని ఎక్కడో చదివారట. మీరూ డాక్టరుగారూ అంత శ్రద్ధగా ఇచ్చారు, వద్దంటే మీరు చిన్నబుచ్చుకుంటారని చెప్పొద్దన్నారు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఊరంతా తాగుబోతంటున్న మనిషి, క్యాప్సూల్ తొడుగులో జెలటిన్ ఉందని మందు మింగలేదు. పైగా మనం చిన్నబుచ్చుకుంటామని మొహం మండించుకుంటున్నారు. తెల్ల పేషెంటయితే మొదటిరోజే "ఇది నాకొద్దు" అనేసేవాడు. మనవాళ్ళు వద్దనరు. తీసుకుంటారు, థాంక్స్ చెప్తారు, అల్మారాలో పెడతారు. ఈ సంగతి ఏ కాలేజీలోనూ చెప్పరు కాబట్టి నేను చెప్తున్నాను. మందు చేతికిచ్చే ముందు, "మీకు ఇది తీసుకోవడానికి ఆచారం అడ్డం వస్తుందా?" అని మీరే అడగండి.

అదే మందు జెలటిన్ లేని మాత్రగా దొరుకుతుంది. డాక్టర్‌తో మాట్లాడి మార్పించాను. నిండు గ్లాసు నీళ్ళతో మింగాలి, మింగగానే పడుకోకూడదు, పాలతోనో మజ్జిగతోనో వేసుకోకూడదు, ఎండలో మామూలుకంటే తొందరగా కమిలిపోతారు, అన్నీ విడమరిచి చెప్పాను.

"మజ్జిగ పూర్తిగా మానేయాలా అమ్మా?" అన్నారాయన, మొదటిసారి నిజంగా భయపడి.

"మాత్రకీ మజ్జిగకీ మధ్య కొన్ని గంటలు ఎడం ఉంటే చాలు పంతులుగారూ."

వంటింటి వైద్యంలో పనికొచ్చింది

మా వృత్తిలో కొందరు వంటింటి వైద్యమంటే ముక్కు చిట్లిస్తారు. అది పొగరు. నేను లలిత చేసేవాటిలో నిమ్మకాయ, ఆవిరి, రుద్దుడు, పసుపు ఆపించాను, మిగతావి ఆమె చేతిలోనే పెట్టాను. మంట లేవగానే చల్లటి నీళ్ళలో తడిపి పిండిన పలచటి నూలుగుడ్డ మొహంమీద వేయడం. ఐసు నేరుగా వద్దు. కాఫీ గ్లాసులోంచి గిన్నెలోకి, గిన్నెలోంచి గ్లాసులోకి నాలుగుసార్లు తిరగబోసి గోరువెచ్చగా తాగడం. ఎండుమిరపకాయ కొన్నాళ్ళు తగ్గించి మిరియంతో సరిపెట్టుకోవడం, అదీ పడకపోతే మానేయడం. రుద్దకుండా వేళ్ళతో కడుక్కోవడం, వాసన లేని మాయిశ్చరైజర్. ఏ రోజు ఏం చేస్తే మొహం లేచిందో ఆలుమగలిద్దరూ గమనించుకోవడం. ఒకరికి పడనిది ఇంకొకరికి పడొచ్చు, అందరికీ ఒకే పథ్యం చెప్పేవాళ్ళని నమ్మకండి.

సన్‌స్క్రీన్ దగ్గర మాత్రం ఇబ్బందొచ్చింది. ఆయన చర్మానికి పడింది జింకు ఉన్న రకం, అది రాస్తే మొహం తెల్లగా పాలిపోతుంది. అద్దంలో చూసుకుని అవధానిగారు అన్నారు, "నుదుట విభూతి ఉండనే ఉంది. మిగతా మొహానికి కూడా విస్తరించిందనుకుంటాను."

ఆ మాట విన్నరోజే నాకు ధైర్యం వచ్చింది. మనిషికి నవ్వు తిరిగొచ్చాక మందు బాగా పనిచేస్తుందని నాకో నమ్మకం. బ్రూస్‌కి ఇది కూడా నచ్చదు.

మైకు

హామిల్టన్ పంతులుకి ఆ రోజు అక్కడే కల్యాణం ఉందట, రాలేనన్నాడు. గతిలేక కమిటీ అవధానిగారినే ఉంచింది. నవమినాటికి ఆయన మొహం సగం తేరుకుంది. పొక్కులు మాడిపోయాయి, వాపు తీసింది, ముక్కు మీద ఎరుపు మాత్రం ఇంకా ఉంది.

స్కూలు హాలు అద్దెకి తీసుకున్నారు. జనం కిక్కిరిసి ఉన్నారు, పిల్లలు ఇంగ్లీషులో అరుచుకుంటూ కుర్చీల మధ్య పరుగెత్తుతున్నారు. నేను మూడో వరసలో కూచున్నాను. చుట్టూ గుసగుసలు నాకు వినపడుతూనే ఉన్నాయి. అవధానిగారు పీటమీద కూచునే ముందు మైకు అందుకున్నారు. ఆయన ఏం చెప్పబోతున్నారో నాకూ తెలియదు.

"కల్యాణానికి ముందు ఒక మాట. నా మొహం గురించి మీరంతా మాట్లాడుకుంటున్నారని తెలుసు. నాకు రోజేషియా అనే చర్మవ్యాధి ఉంది. అంటుకోదు. ఎండకీ సెగకీ రేగుతుంది. నేను తెలియక ఈ ట్యూబు రాసి ముదరబెట్టుకున్నాను." నడుమున దోపుకున్న ఆ మడతపెట్టిన ట్యూబు తీసి చూపించారు. "ఇప్పుడు డాక్టర్ మందు వాడుతున్నాను, తగ్గుతోంది. నేను తాగను. తాగుతానని ఎవరికైనా అనుమానం ఉంటే, వాళ్ళు తృప్తిగా తలంబ్రాలు పోయలేరు. అందుకని ముందే చెప్పాను. మీ ఇళ్ళలో ఈ ట్యూబు ఉంటే మీకు మీరే రాసుకోకండి, పిల్లలకి అసలు రాయకండి, డాక్టరుకి చూపించండి."

ముందు వరసలో శేషగిరిగారు పైకప్పు చూస్తున్నారు. ఆయన పక్కనుంచి భారతిగారు లేచి నిలబడ్డారు. ఆవిడ ఎప్పుడూ నలుగురిలో గొంతెత్తే మనిషి కాదు.

"ఆ ట్యూబు పంతులుగారికి నేనిచ్చిందే," అన్నారు. "మంచిదనుకుని ఇచ్చాను. మా కోడలికీ ఇచ్చాను. మా ఇంట్లోంచే మందూ వెళ్ళింది, మా ఇంట్లోంచే మాటా వెళ్ళింది. రెండూ తప్పే పంతులుగారూ."

అవధానిగారు చేతులు జోడించారు. "ముహూర్తం దగ్గరపడిందమ్మా, మీరే వచ్చి అమ్మవారికి పూలదండ అందించండి," అన్నారు. ఆవిడ వెళ్ళారు. వెనక వరసలో ఆయన కూతురు కుర్చీమీద నిలబడి నాన్నని చూస్తోంది. ఆ పిల్ల మొహం చూడగానే నాకు దుఃఖం ఆగలేదు. పక్కావిడ టిష్యూ ఇచ్చింది.

ఆరోజు ఆయన చేసినట్టు కల్యాణం నేను ఎక్కడా చూడలేదు.

తర్వాతి వారం మా షాపుకి ట్యూబులు రావడం మొదలైంది. హ్యాండ్‌బ్యాగుల్లోంచి, చీరకొంగు చాటునుంచి, ఒకావిడ అయితే పచ్చడి సీసాలో పెట్టి తెచ్చింది. వాడని మందులు పారేసే మా డబ్బా నిండిపోయింది. చాలాకాలం వాడినవాళ్ళని మాత్రం ఒక్కసారిగా మానొద్దని చెప్పి ముందు డాక్టర్ దగ్గరికి పంపాను. బ్రూస్ ఆ డబ్బా చూసి, "మీవాళ్ళకి రోజేషియా రాదని ఎవరన్నారు?" అన్నాడు, సీరియస్‌గా మొహం పెట్టి.

తలుపు తీసిన గరాజు

కొన్నాళ్ళకి శేషగిరిగారి అబ్బాయి టకానినిలో ఇల్లు కొన్నాడు. గృహప్రవేశానికి భారతిగారు స్వయంగా షాపుకొచ్చి పిలిచారు. పంతులు ఎవరని నేను అడగలేదు. వెళ్ళి చూస్తే అవధానిగారే.

ఆయన మొహం తేటగా ఉంది. ముక్కు ముక్కు రంగులోనే ఉంది. పూత మందు ఇంకా రోజూ రాస్తున్నారట, జబ్బు అప్పుడప్పుడు తలెత్తినా చూసుకుంటున్నారట. గరాజులో ఆయన ఏర్పాట్లన్నీ మార్చేశారు. చిన్న హోమగుండం, చేతికి పొడుగాటి గరిటె, గాలి వీపువైపు నుంచి వచ్చేలా పీట. గరాజు తలుపు సగానికి ఎత్తి ఉంది. పక్కింట్లో ఉండే ఈ దేశపు కివీ దంపతులకి ముందే చెప్పి, వాళ్ళనీ పిలిచారు. వాళ్ళు బయట గడ్డిమీద కుర్చీలు వేసుకుని కూచుని ప్రసాదం కోసం చూస్తున్నారు.

ఇంటి పెద్దగా శేషగిరిగారు గుండానికి ఎదురుగా, సెగ తగిలేవైపు కూచున్నారు. నెయ్యి పడ్డకొద్దీ మంట లేస్తోంది. కాసేపటికి ఆయన మొహం కందగడ్డలా ఎర్రబడింది, ముక్కుతో సహా. గరాజులో అందరూ చూశారు. ఒకరిద్దరు పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను కూడా నవ్వు బిగబట్టుకున్నాను, అబద్ధమెందుకు.

అవధానిగారు మంత్రం ఆపలేదు. పక్కనున్న గిన్నెలోంచి తన తడిగుడ్డ తీసి, పిండి, గుండం మీదుగా ఆయన చేతికి అందించారు. ఆహుతికీ ఆహుతికీ మధ్య మెల్లగా అన్నారు, "తుడుచుకోండి. సెగకి ఎవరికైనా ఎర్రబడుతుంది."

శేషగిరిగారు ఆ గుడ్డ మొహానికి అద్దుకుని, చాలాసేపు తీయలేదు. తీశాక ఆయన కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి. వెనక్కి తిరిగి కొడుకుతో, "ఒరేయ్, ఆ తలుపు పూర్తిగా పైకెత్తరా. పంతులుగారికి గాలి ఆడాలి," అన్నారు.